కొరియన్‌లో ‘మీరు’ కోసం వెతక్కండి

ముందు మీ ప్రశ్న ఏమిటో చెప్పి మొదలుపెడతాను, మధ్యలో చదివేవాళ్ళకి అర్థం కావాలి కదా. మీరు ఎనిమిది నెలలుగా కొరియన్ నేర్చుకుంటున్నారు. టోపిక్ అనే కొరియన్ భాషా పరీక్షలో రెండో లెవెల్ వచ్చింది. ఫిబ్రవరి చివర్లో మాస్టర్స్ కోసం దక్షిణ కొరియాలోని తెజన్ వెళ్తున్నారు. ఆన్‌లైన్‌లో పరిచయమైన కొరియన్ అమ్మాయి మాత్రం ‘‘తప్పుల్లేవు గానీ, పుస్తకం పైకి చదువుతున్నట్టుంది’’ అంది. నేచురల్‌గా రావాలంటే ఏం చేయాలి, డ్రామాలు చూస్తే సరిపోతుందా, ప్రొఫెసర్‌కి ఇక్కడినుంచి ఏం గిఫ్ట్ తీసుకెళ్ళాలి అని అడిగారు.

మీ వయసెంతో నాకు తెలియదు. పెళ్ళయిందో లేదో, చదువుకుంటున్నారో ఉద్యోగం మానేసి వెళ్తున్నారో కూడా తెలియదు. అయినా నాకేమీ ఇబ్బంది కాలేదు. ‘మీరు’ అనేసి మొదలుపెట్టాను. చిన్నవారైతే కాస్త ఎక్కువ మర్యాద చేసినట్టు, పెద్దవారైతే సరిగ్గానే అన్నట్టు. ఈ సౌకర్యం కొరియన్‌లో లేదు. ఎదుటి మనిషి మనకి ఏమవుతారో తేల్చుకోకుండా అక్కడ ఒక్క వాక్యం కూడా పూర్తి చేయలేం. మీ కొరియన్ పుస్తకంలా వినపడటానికి అసలు కారణం ఇదే అని నా అనుమానం.

నేను 2011లో కొరియా వెళ్ళాను. నాలుగేళ్ళు సువన్‌లో, ఐదేళ్ళు దక్షిణాన చాంగ్‌వన్‌లో పనిచేశాను. ఇప్పుడు అనంతపురం వైపు కొరియన్ ఇంజనీర్లకీ మనవాళ్ళకీ మధ్య దుబాసీ పని చేస్తున్నాను. పెనుకొండ దగ్గర కియా కార్ల తయారీ 2019లో మొదలయ్యాక ఆ చుట్టుపక్కల ఈ పనికి గిరాకీ పెరిగింది. భాషాశాస్త్రం చదవలేదు. చెప్పేదంతా దెబ్బలు తిని నేర్చుకున్నదే.

రెండో లెవెల్ వచ్చిందని సంతోషించండి, కానీ ఆ పరీక్షలో ఉండేది వినడం, చదవడం మాత్రమే. మీరు నోరు తెరవాల్సిన అవసరమే రాలేదు. కాబట్టి మాట్లాడటం ఇప్పుడే మొదలవుతోందనుకోండి.

ఇక మొదటి సలహా. ఇంగ్లిష్ మీదుగా కొరియన్ నేర్చుకోవడం ఇవాళే ఆపేయండి. మనకి దొరికే పాఠాలన్నీ ఇంగ్లిష్‌లో ఉంటాయి కాబట్టి మనమూ అటునుంచే వెళ్తాం. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్ళడానికి ఢిల్లీ రైలెక్కినట్టుంటుంది ఆ పని. ‘సియోల్’ అనే మాటే చూడండి. వాళ్ళు పలికేది దాదాపు ‘సఉల్’ అని. ‘ఇ, ఓ’ అని రెండు ఇంగ్లిష్ అక్షరాలు కలిపి రాసేది అక్కడ ఒక్కటే అచ్చు, మన ‘అ’కీ ‘ఒ’కీ మధ్యలో ఉంటుంది. మనం ఆ స్పెల్లింగ్‌ని కూడబలుక్కుని ‘సియో’ చేశాం. మీరు వెళ్ళే ఊరు కూడా అంతే. ఇంగ్లిష్‌లో చూసి డేజియాన్ అనకండి, టాక్సీ డ్రైవర్‌కి అర్థం కాదు. నేను ఇక్కడ ఆ అచ్చుని ‘అ’ అనే రాస్తున్నాను, అసలు ధ్వని మాత్రం చెవితో పట్టుకోండి.

తెలుగులోంచి చూస్తే సగం వ్యాకరణం మనకి ముందే వచ్చు. క్రియ చివర రావడం, ‘కి’, ‘లో’, ‘నుంచి’ లాంటివి నామవాచకం వెనక అతుక్కోవడం సరే, అవి అందరూ చెప్పేవే. అంతకంటే లోతుగా కలిసేవి ఉన్నాయి. ‘మగ బోసెయో’ అంటే అక్షరాలా ‘తిని చూడండి’. తినడం ఒక క్రియ, చూడటం ఒక క్రియ, కలిస్తే రుచి చూడమని అర్థం. ఇంగ్లిష్ పాఠంలో దీనికి ఒక అధ్యాయం కేటాయించి నియమాలు చెప్తారు. మనకి నియమం ఎందుకు? ‘మగ బర్యస్సయో’ అంటే ‘తినేశాను’. రెండో ముక్కకి విడిగా అర్థం ‘పారేయడం’. మన ‘తినేశాను’ కూడా ‘తిని వేశాను’ కదా. ‘పి ఓందెయో’ అంటే ‘వాన వస్తుందట’. ఆ ‘అట’ని ఇంగ్లిష్‌లో చెప్పాలంటే ‘వాళ్ళు అంటున్నారు’, ‘నేను విన్నాను’ అని చుట్టూ తిరగాలి. కొరియన్‌లో మనలాగే చివర ఒక చిన్న తోక తగిలిస్తే చాలు.

ఉచ్చారణలో కూడా ఇలాంటి చుట్టరికం ఉంది. అందరికీ తెలిసిన ‘కమ్‌సాహమ్నిదా’నే (ధన్యవాదాలు) తీసుకోండి. రాతలో అది ‘హప్-నిదా’. ప్ పక్కన న వచ్చేసరికి మ్ అయింది. కొరియన్ భాషని ‘హాన్‌గుక్-మాల్’ అని రాసి ‘హాన్‌గుంగ్‌మాల్’ అని పలుకుతారు. దీని పట్టికలు బట్టీపట్టి ఏడ్చేవాళ్ళని చూశాను. మనకి హైస్కూల్లో తెలుగు మాస్టారు చెప్పలేదూ, వాక్ + మయం వాఙ్మయం, జగత్ + నాథుడు జగన్నాథుడు? అదే సంధి. కాకపోతే వాళ్ళు అక్షరాల్లో మార్చకుండా నోట్లోనే మారుస్తారు.

మనకి రానిది ఒకటుంది, అది మాత్రం పట్టుబట్టి నేర్చుకోవాలి. ‘తాల్’ లాంటి మాటలు మూడున్నాయి. ఒకటి చందమామ, ఒకటి మాస్కు, ఒకటి కూతురు. కూతురులో ఉన్నది మన తలలోని ‘త’కి దగ్గర, గాలి వదలకుండా బిగించి పలుకుతారు. మాస్కులో ఉన్నది ‘థ’, పొట్టలోంచి గాలి రావాలి. చందమామలోది త కాదు, ద కాదు, కాస్త వదులుగా మొదలవుతుంది, గొంతు కింది స్థాయిలో ఉంటుంది. ఈ తరం సఉల్ వాళ్ళు అసలు తేడాని ఆ గొంతు ఎత్తుతోనే ఎక్కువగా పట్టుకుంటారు. నాకిది తెలిసేసరికి రెండేళ్ళు పట్టింది. అంతవరకూ బేకరీకి వెళ్ళి రొట్టె అడిగితే గది అడుగుతున్నట్టు వినపడేది వాళ్ళకి (‘పాంగ్’ బిగిస్తే రొట్టె, వదిలేస్తే గది).

అమ్మ, అప్ప అనే మాటలు కొరియన్‌లోనూ ఉన్నాయి, కాబట్టి రెండూ అక్కాచెల్లెళ్ళ భాషలని ఎవరైనా చెప్తే ఊ కొట్టి వదిలేయండి. 1900ల మొదట్లో హల్బర్ట్ అనే అమెరికన్ మిషనరీ కొరియన్‌కీ ద్రావిడ భాషలకీ సంబంధం ఉందని పుస్తకమే రాశాడు. ఇప్పటి భాషావేత్తలు ఒప్పుకోరు. చుట్టరికం లేకపోయినా పోలిక నిజమే, మనకి పనికొచ్చేది పోలికే.

ఇంతవరకూ తెలుగు చేయిపట్టుకుని తీసుకెళ్తుంది. సరిగ్గా ‘మీరు’ దగ్గర వదిలేస్తుంది.

నా సంగతి చెప్తాను. చేరిన ఐదో నెలలో ఒక మీటింగ్. మా విభాగం పెద్దాయన అభిప్రాయం అడగాలి. డిక్షనరీలో ‘మీరు’ అని చూస్తే ‘తాంగ్‌షిన్’ అని ఉంది. చివర అతి మర్యాదగా ఉండే ‘మ్‌నికా’ రూపం పెట్టి, తాంగ్‌షిన్ అభిప్రాయం ఏమిటి అని అడిగాను. గది మొత్తం గప్‌చిప్. ఆయన తలొంచుకుని కాగితాలు సర్దుకున్నాడు. తర్వాత మా తెరినిమ్ (మనకంటే ఒక మెట్టు పైనుండే ఉద్యోగి) కాఫీ మెషీన్ దగ్గరికి తీసుకెళ్ళి నెమ్మదిగా చెప్పాడు. ఆ మాట భార్యాభర్తలు అనుకుంటారు, ప్రకటనల్లో రాస్తారు, లేదంటే పార్కింగ్ దగ్గర గొడవపడేటప్పుడు వాడతారు. నేను భర్తని కాదు, ప్రకటన కాదు. మిగిలింది గొడవే.

మరి ‘మీరు’ని ఎలా అంటారు? అనరు. మనిషిని హోదాతోనో వరసతోనో పిలుస్తారు. క్వాజాంగ్‌నిమ్ (విభాగం మేనేజర్), సన్‌సెంగ్‌నిమ్ (టీచర్), క్యోసునిమ్ (ప్రొఫెసర్). చివర ఉన్న ‘నిమ్’ మన ‘గారు’. ‘మీ అభిప్రాయం’ అనాల్సిన చోట ‘క్వాజాంగ్‌గారి అభిప్రాయం’ అని ఆయన ముందే, ఆయనతోనే అంటారు. మొదట్లో పక్కన ఇంకెవరి గురించో మాట్లాడుతున్నట్టు ఉంటుంది.

అసలు ‘మీరు’ ఎక్కడ దాక్కుందో తెలుసా? క్రియలో. తెలుగులో ‘వెళ్ళాను’, ‘వెళ్ళారు’, ‘వెళ్ళింది’ అంటే ఎవరో తెలిసిపోతుంది, అందుకే కర్తని వదిలేస్తాం. కొరియన్‌లో ‘కాస్సయో’ అంటే నేను వెళ్ళాను, వాడు వెళ్ళాడు, అందరికీ ఒకటే రూపం. అయినా వాళ్ళూ కర్తని వదిలేస్తారు. ఎలా? మధ్యలో ‘సి’ అనే మర్యాద ముక్క పెట్టి ‘కాస్యస్సయో’ అన్నారనుకోండి, అది ‘నేను’ అయ్యే అవకాశమే లేదు, ఎందుకంటే తనకి తాను గారు తగిలించుకునేవాళ్ళు ఉండరు. అడిగే గొంతుతో అంటే ఆ ఒక్క ముక్కే ‘మీరు వెళ్ళారా’ అయిపోతుంది. అంటే మన దగ్గర పురుషవాచకం చేసే పనిలో సగం అక్కడ మర్యాద చేస్తోంది. ఇది అర్థమైన రోజు నాకు భాష మొత్తం తిరగబడి కనిపించింది. అప్పటిదాకా మర్యాదని వాక్యం అయిపోయాక పైన చల్లే కొత్తిమీర అనుకున్నాను.

మితిమీరినా నవ్వులపాలే. కాఫీ షాపుల్లో కుర్రాళ్ళు కస్టమర్ మీది మర్యాద కాఫీకి తగిలించి ‘కాఫీ గారు వచ్చారు’ అన్నట్టు చెప్తుంటారు. కొరియన్లే దాన్ని వెక్కిరిస్తారు.

వయసు ఎందుకు అడుగుతారో ఇప్పుడు అర్థమవుతుంది. పరిచయమైన పది నిమిషాల్లో ఏ సంవత్సరం పుట్టారని అడిగితే కోపం తెచ్చుకోకండి. మన పల్లెల్లో ‘మీ ఇంటిపేరేంటి, ఎవరి తాలూకు’ అని అడిగి వరస కలుపుకుంటారే, అదే పని. పుట్టగానే ఒక ఏడు లెక్కేసే పాత పద్ధతిని చట్టపరంగా 2023 జూన్ 28 నుంచి పక్కన పెట్టారు గానీ, పుట్టిన సంవత్సరం అడిగే అలవాటు ఎక్కడికీ పోలేదు. ఇంకో చిక్కు. ‘చింగు’ అంటే స్నేహితులని నేర్చుకుని ఉంటారు. మామూలుగా అది ఒకే ఈడువాళ్ళకే వాడతారు. రెండేళ్ళు పెద్దామె ఎంత ప్రాణ స్నేహితురాలైనా ‘అన్నీ’ (అమ్మాయిలు అక్కని పిలిచే మాట), అంటే అక్కే. అదికూడా మీరంతట మీరు మొదలుపెట్టకూడదు. ల్యాబ్‌లో ముందు అందరినీ ‘సన్బెనిమ్’ అనండి, సీనియర్ గారు అని. కొన్నాళ్ళకి ఆమే ‘మాట దించు’ అంటుంది. అక్షరాలా అదే అంటారు, మాటని కింద పెట్టమని. పెద్దవాళ్ళ నోటినుంచి వచ్చాకే దించాలి.

ఇక్కడే డ్రామాల సంగతి. చూడండి, మంచిదే, నేనూ చూస్తాను. కానీ వాటిలో ఎక్కువ మాటలు ప్రేమికులు, తల్లీకూతుళ్ళు, చిన్ననాటి స్నేహితులు అనుకునేవి. అంటే మాట దించేసినవాళ్ళ మాటలు. అవి నేర్చుకుని ల్యాబ్‌లో వాడితే ‘ఏంట్రా’ అని ప్రొఫెసర్‌ని పలకరించినట్టుంటుంది. రాజుల కథలైతే భాషకి అసలు వద్దు. ఆఫీసు కథల్లోంచి రెండు నిమిషాల సీన్ ఒకటి తీసుకోండి. అదే పదిహేను రోజులు, పాత్ర ఊపిరి తీసుకున్న చోట మీరూ ఊపిరి తీసుకుంటూ, వెంటవెంటనే పలకండి. పదహారు ఎపిసోడ్లు సబ్‌టైటిల్స్‌తో చూసినదానికంటే నాకు అదే ఎక్కువ పనిచేసింది.

అలా వింటే మీకు పుస్తకంలో తగలనివి వినపడతాయి. వాక్యం చివర తోకలు. మీ కొరియన్ ప్రతి వాక్యం ‘యో’ దగ్గర ఠక్కున ఆగిపోతూ ఉంటుంది, పందెం వేస్తాను. తెలుగులో మనం ‘ఇది కారం’ అని ఊరుకుంటామా? ‘కారంగా ఉందే!’ అంటాం. అది ‘మెమ్‌నెయో’, అప్పుడే నాలుకకి తగిలి ఆశ్చర్యపోయినట్టు. ‘మీకు తెలుసు కదా’ అనే ‘కదా’కి ‘జానాయో’ ఉంది. ‘నిన్న నాకు బాగోలేదు మరి’ అని కారణం చెప్పే ‘మరి’కి దగ్గరగా ‘గడున్యో’ ఉంది. ‘నేను స్వయంగా చూశాను, తెగ రద్దీగా ఉంది తెలుసా’ అనడానికి ‘దరాగోయో’. ఈ నాలుగూ, పైన చెప్పిన ‘అట’తో కలిపి ఐదు, వాడటం మొదలుపెడితే మీ స్నేహితురాలు ఇక పుస్తకం అనదు. ఒక్క జాగ్రత్త. ‘చెప్పానుగా’ అని పెద్దవాళ్ళతో అంటే మన దగ్గర ఎలా గుచ్చుకుంటుందో ‘జానాయో’ కూడా అలాగే గుచ్చుకుంటుంది.

ఊ కొట్టడం మర్చిపోకండి. దాన్ని ‘మాత్‌జాంగు’ అంటారు, ఇద్దరు ఎదురెదురుగా జాంగు అనే డప్పు వాయించడంలోంచి వచ్చిన మాట. ‘నే’ (ఆఁ), ‘ఆ, కురెయో?’ (ఓ, అలాగా?), ‘మాజాయో’ (నిజమే) అని మధ్యమధ్యలో వాయిస్తూ ఉండాలి. మీరు మర్యాదగా నిశ్శబ్దంగా వింటే వాళ్ళకి ఫోన్ కట్ అయినట్టుంటుంది. ఇంకోటి, ఆ ‘నే’ ప్రతిసారీ ఒప్పుకోలు కాదు, వింటున్నానని అర్థం. ఈ పొరపాటు వల్ల నా మొదటి ఏడాదిలో రెండు పనులు జరుగుతాయనుకుని కూర్చున్నాను, జరగలేదు.

కాదనడం ఎలాగో కూడా చెప్పాలి. ‘కాస్త కష్టమయ్యేట్టుంది’ అంటే అవ్వదు అని. ‘ఆలోచించి చెప్తాను’ అంటే చాలాసార్లు అవ్వదు అనే. మన ‘చూద్దాం లెండి’ వంశమే. ‘ఎప్పుడైనా కలిసి భోంచేద్దాం’ అంటే డైరీ తీయకండి, అది ‘ఒకసారి ఇంటికి రండి’ లాంటిది. తేదీ చెప్తే నిజమైన పిలుపు. ఇలా చెప్పని మాట పసిగట్టే గుణాన్ని ‘నున్‌చి’ అంటారు. పదం కొత్తగా ఉన్నా పదార్థం మనకి కొత్త కాదు. పెళ్ళిచూపుల్లో మేనత్త మొహం చూసి సంబంధం కుదురుతుందో లేదో చెప్పేసే మనుషులం మనం.

తిండి దగ్గర మీకు పెద్దగా టెన్షన్ అక్కర్లేదు. తిన్నారా అనేదే వాళ్ళకీ పలకరింపు. ఇంట్లోవాళ్ళని ‘సిక్కు’ అంటారు, తిండి, నోరు అనే రెండు చైనీస్ మూలాల కలయిక. ఇలాంటి మూల ముక్కలు పట్టుకోండి, మనం ‘విద్య’ తెలిస్తే విద్యార్థి, విద్యాలయం ఊహించినట్టు, ‘సిక్’ తెలిస్తే సిక్తాంగ్ (హోటల్), సిక్సా (భోజనం) వాటంతటవే వస్తాయి. పెద్దవాళ్ళు చెంచా ఎత్తాక మొదలుపెట్టండి, ఇచ్చేదీ పుచ్చుకునేదీ రెండు చేతులతో. అన్నం గిన్నె చేతిలోకి ఎత్తరు. హోటల్లో పిలవాలంటే ‘జగియో’. నడివయసు ఆడవాళ్ళని ‘అజుమ్మా’ అనకండి, మొహం మాడిపోతుంది. చిన్న హోటల్లో ‘ఇమో’ అంటే పిన్నీ అన్నట్టు, బాగా చనువొచ్చాక వాడొచ్చు. ‘సబిసు’ అని ఏదైనా ప్లేటు బల్లమీద పెడితే బిల్లెంతో అని భయపడకండి, అది కొసరు.

ఇప్పుడు చేయాల్సిన పని ఒకటి. ఒక నోట్‌బుక్ తీసుకోండి. వెళ్ళాక కలిసిన ఒక్కో మనిషికి ఒక్కో పేజీ. ఆమె నన్ను ఏమని పిలిచింది, నేను ఏమని పిలవాలి, నాతో వాక్యం ఎలా ముగిస్తోంది, తన సీనియర్‌తో ఎలా ముగిస్తోంది. పదాల జాబితాలు రాసేదాని బదులు ఇది రాయండి. నాకు చాంగ్‌వన్‌లో అలాంటి పేజీలు అరవై దాకా అయ్యాయి. అక్కడి యాస వేరు కాబట్టి సువన్ పేజీలు చాలావరకు పనికిరాలేదు, అది వేరే కథ. ఎవరి పేజీ అయినా ఖాళీగా ఉంటే సిగ్గుపడకుండా ‘అత్తకే బుల్ల దురిమ్యన్ తెల్కాయో’ అని అడిగేయండి, ‘మిమ్మల్ని ఏమని పిలవమంటారు’ అని. చూశారా, ఈ వాక్యంలోనూ ‘మిమ్మల్ని’ లేదు.

ఇక గిఫ్ట్. ప్రొఫెసర్‌కి ఏమీ తీసుకెళ్ళకండి. నిజంగానే ఏమీ. లంచాల మీద వచ్చిన ఒక చట్టం 2016 సెప్టెంబర్ 28 నుంచి అమల్లో ఉంది. దాన్ని ప్రతిపాదించిన మాజీ సుప్రీంకోర్టు న్యాయమూర్తి పేరుమీద కిమ్ యంగ్‌నాన్ చట్టం అంటారు (‘రాన్’ అని రాసి ‘నాన్’ అని పలుకుతారు, మళ్ళీ సంధే). మార్కులు వేసే మనిషికి విద్యార్థి వస్తువేదీ ఇవ్వకూడదు. అది అమల్లోకొచ్చిన తొలిరోజే ఎవరో విద్యార్థి ప్రొఫెసర్‌కి క్యాన్ కాఫీ ఇచ్చారని పోలీసులకి ఫోన్ వెళ్ళింది. మీరు ప్రేమతో పట్టుచీర పట్టుకెళ్ళి ఆయన్ని ఇబ్బందిపెట్టకండి. ఈమెయిల్‌లో, ఎదురుపడ్డప్పుడు, ‘క్యోసునిమ్’ అని, పేరు లేకుండా పిలిస్తే అదే ఆయనకి కావాల్సిన మర్యాద.

ల్యాబ్‌లో తోటివాళ్ళకి మాత్రం తీసుకెళ్ళండి. బాగా తీపి ఉన్నవి వద్దు, ‘పెద్ద తీపి లేదు, బాగుంది’ అనడం అక్కడ స్వీటుకి మెచ్చుకోలు. పూతరేకులు సూట్‌కేసులో పొడైపోతాయి, నేను ఒకసారి చెంచాతో పంచాల్సి వచ్చింది. బెల్లం తక్కువ వేసిన నువ్వుల చిక్కీ అయితే నిలవుంటుంది, వాళ్ళకి నువ్వుల రుచి అలవాటే కూడా. చిన్న పొట్లాలుగా కట్టించుకుని, రెండు చేతులతో అందిస్తూ ‘ప్యల్ గ అనిజిమాన్’ అనండి. పెద్దదేం కాదు గానీ, అని. అక్కడితో ఆపేయండి, మిగతాది వాళ్ళు అర్థం చేసుకుంటారు.